బి-ఫారం మీద కుంకుమ: అభ్యర్థి మతం ఓటరు లెక్కలోకి రావాలా?

విజయవాడ పశ్చిమ నియోజకవర్గం ఫలితాలను వరుసగా రాసి చూడండి. కనకదుర్గమ్మ కొలువున్న ఇంద్రకీలాద్రి ఈ నియోజకవర్గంలోనే ఉంది. 1999లో ఇక్కడ కాంగ్రెస్ నుంచి జలీల్ ఖాన్ గెలిచారు. 2004లో సీపీఐ అభ్యర్థి షేక్ నాసర్ వలీ, 2009లో ప్రజారాజ్యం తరఫున వెలంపల్లి శ్రీనివాస్ గెలిచారు. 2014లో మళ్లీ జలీల్ ఖాన్, ఈసారి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి. 2019లో అదే పార్టీ నుంచి వెలంపల్లి గెలిచి దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. 2024లో బీజేపీ అభ్యర్థి సుజనా చౌదరి గెలిచారు. ఆరు ఎన్నికల్లో మూడుసార్లు ముస్లిం అభ్యర్థికి, మూడుసార్లు హిందూ అభ్యర్థికి జనం పట్టం కట్టారు.

ఈ వరుసను చూపించి విజయవాడ ఓటరు మతం పట్టించుకోడని ఒకరు వాదించవచ్చు. వించిపేటలో ఎవరి ఓట్లు ఎన్ని, కొత్తపేటలో ఎవరివి ఎన్ని అని లెక్క వేసుకున్నాకే పార్టీలు టికెట్లు ఇచ్చాయని, మతం మొదటి నుంచీ ఆ లెక్కలో ఉందని మరొకరు వాదించవచ్చు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఈ ప్రశ్నకు అవును, కాదు అన్న జవాబు సరిపోదు. నా అభిప్రాయం ముందే చెబుతాను. అభ్యర్థి ఇంట్లో ఏ దేవుడికి దండం పెడతాడో, అసలు పెడతాడో లేదో ఓటరుకు అనవసరం. ఆ నమ్మకాన్ని పట్టుకుని రేపు ప్రభుత్వ అధికారాన్ని ఏ వైపు తిప్పుతాడన్నది మాత్రం తప్పకుండా అడిగి తెలుసుకోవాలి. ఈ రెంటినీ విడదీయడం చెప్పినంత తేలిక కాదు. మన దగ్గర గుళ్ల పాలనలో ప్రభుత్వం ఉంది, రిజర్వేషన్లలో మతం ఉంది, ప్రచారంలో దేవుడు ఉన్నాడు.

చట్టం ఎవరిని ఆపుతుంది

నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఫారం 26 అఫిడవిట్ ఇస్తాడు. క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అందులో రాయాలి. మతానికి గడి లేదు. ఎవరు పోటీ చేయవచ్చో చెప్పే 84, 173 అధికరణల్లోనూ మతం ప్రస్తావన లేదు. ప్రమాణం మాత్రం చేయాలి. అది దైవసాక్షిగానైనా చేయవచ్చు, ఆత్మసాక్షిగానైనా చేయవచ్చు. ఇది చిన్న వెసులుబాటులా కనిపిస్తుంది గానీ, బ్రిటన్‌లో చార్లెస్ బ్రాడ్లా 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచి కూడా, నాస్తికుడన్న కారణంగా రేగిన ప్రమాణం గొడవ తేలి సభలో నిలకడగా కూర్చునేసరికి 1886 వచ్చింది. మన రాజ్యాంగం ఆ తలనొప్పిని మొదటి రోజే తీర్చేసింది.

ప్రచారానికి వస్తే చట్టం గట్టిగానే మాట్లాడుతుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో మూడో క్లాజు ప్రకారం మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరుతో ఓటు వేయమని గానీ వేయవద్దని గానీ అడగడం అవినీతికర చర్య. రుజువైతే ఎన్నిక రద్దవుతుంది, ఆరేళ్ల వరకు అనర్హత పడవచ్చు. ‘అతని మతం’ అని చట్టంలో ఉన్నది అభ్యర్థి మతమేనా, ఓటరు మతం కూడానా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 తేడాతో దాన్ని తేల్చింది. అభ్యర్థి మతమైనా, ఓటరు మతమైనా, ప్రత్యర్థి మతమైనా దాని పేరుతో ఓటు అడగకూడదు. ఆ మెజారిటీలో ఉన్న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు న్యాయవాదిగా మొదట ప్రాక్టీసు చేసింది గుంటూరు జిల్లా కోర్టులోనే.

మిగిలిన ముగ్గురి తరఫున జస్టిస్ చంద్రచూడ్ రాసిన భిన్నాభిప్రాయాన్ని కూడా పట్టించుకోవాలి. మతం వల్లనో కులం వల్లనో తరతరాలుగా వివక్ష అనుభవించినవారు ఆ బాధను ఎన్నికల్లో మాట్లాడకూడదంటే ప్రజాస్వామ్యం ఉత్త మాటగా మిగిలిపోతుందన్నది ఆ వాదన సారం. ‘మా మతంవాడికి ఓటెయ్యండి’ అనడం ఒకటి. ‘మా పేటకు నీళ్లు రాకపోవడానికి మేం ఫలానా మతంవాళ్లం కావడమే కారణం’ అనడం వేరొకటి. వినేవారికి రెండింటి తేడా బాగానే తెలుస్తుంది. కోర్టులో నిరూపించడమే కష్టం.

ఒక సంగతి చాలామంది గమనించరు. చట్టం ఆపేది ఓటు అడిగేవాడిని. ఓటు వేసేవాడిని కాదు. పోలింగ్ కేంద్రంలో ఆ తెర వెనుక మీరు ఏ కారణంతో మీట నొక్కారో అడిగే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి ఓటరు మతం చూడాలా వద్దా అన్నది అతని వివేకానికే వదిలేసిన విషయం. వదిలేశారు గనకే దాని గురించి మాట్లాడుకోవాలి.

గోరా గారి ఊరు

విజయవాడలో ఈ చర్చ చేస్తూ నాస్తిక కేంద్రాన్ని తలచుకోకుండా ఉండలేం. గోపరాజు రామచంద్రరావు, అంటే గోరా, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు తెచ్చారు. నిప్పుల మీద నడవడంలో మహిమ లేదని నడిచి చూపించిన సంస్థ అది. గ్రహణం నాడు గర్భిణులను బయటకు పిలిచి, ఏమీ కాదని నిరూపించిన కుటుంబం అది. 1972లో గోరా ఇదే ఊళ్లో గొడ్డు మాంసం, పంది మాంసం కలిపి వడ్డించే స్నేహ విందు పెడితే దేశమంతా చెప్పుకున్నారు.

అలాంటి గోరా కుమార్తె చెన్నుపాటి విద్య 1980లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు. 1989లో మళ్లీ గెలిచారు. రెండుసార్లూ కాంగ్రెస్ అభ్యర్థిగానే. భవానీ దీక్షలు తీసుకునే ఊరు, గుణదల మేరీమాత ఉత్సవాలకు హిందువులు కూడా కొబ్బరికాయలు పట్టుకుని వెళ్లే ఊరు, నాస్తిక కేంద్రంలో పెరిగిన ఆడపడుచును రెండుసార్లు ఢిల్లీకి పంపింది. 1980లో ఇందిరమ్మ గాలి వీచిందనీ, ఎవరు నిలబడ్డా గెలిచేవారేననీ అనవచ్చు. కావచ్చు. అయినా ‘దేవుణ్ణి నమ్మనివారి బిడ్డ’ అన్న మాట ఆ గాలిని ఆపలేదు కదా. వాసవ్య మహిళా మండలి ద్వారా ఆమె ఆడవాళ్ల కోసం చేసిన పని ఊరికి తెలుసు. ఓటరు దాన్ని చూశాడు, పార్టీని చూశాడు, ఇంట్లో పూజగది ఉందా లేదా అని చూడలేదు.

ఇక్కడితో ఆగితే విశ్వాసం అసలు పట్టించుకోవాల్సిన విషయమే కాదనిపిస్తుంది. తెనాలి కథ వింటే అలా అనిపించదు. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లలో తెనాలి మున్సిపల్ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు గంగానమ్మ జాతరలో జంతుబలిని ఆపించారు. ఆ నిర్ణయం ఆయన పదవికే ఎసరు తెచ్చింది. తర్వాత మళ్లీ ఎన్నికయ్యారు. బలి ఆపడం మంచిదని నేను నమ్ముతాను, కాదనేవారు కూడా ఉంటారు. కానీ ఆ నిర్ణయం ఆయన ఆలోచనల్లోంచి, అంటే మతం మీద ఆయనకున్న అభిప్రాయంలోంచే వచ్చిందనడంలో సందేహం లేదు. అప్పటి తెనాలి ఓటరు ‘అధికారం చేతికొస్తే జాతర విషయంలో ఏం చేస్తారు’ అని ముందే అడిగి ఉంటే అది అసందర్భ ప్రశ్న అయ్యేదా? కాదు. జాతరకు అనుమతి ఇచ్చే అధికారం ఆ కుర్చీకి ఉంది గనక అది న్యాయమైన ప్రశ్నే. ‘మీరు గంగానమ్మకు మొక్కుతారా’ అన్నది మాత్రం అనవసరం.

భక్తి చూసి నిర్ణయాన్ని ఊహించలేం

అభ్యర్థి భక్తిపరుడైతే దేవాలయాలకు భద్రత అని ఎంతోమంది మనసులో అనుకుంటారు. విజయవాడ అనుభవం ఈ నమ్మకాన్ని బలపరచదు. 2016 కృష్ణా పుష్కరాలకు ముందు రోడ్ల విస్తరణ కోసం నగరంలో పలు ఆలయాలను తొలగించారు. శనైశ్చర స్వామి గుడి కూడా వాటిలో ఉంది. అప్పుడు రాష్ట్రంలో తెలుగుదేశం, బీజేపీల ఉమ్మడి ప్రభుత్వం ఉంది. దేవాదాయ శాఖ మంత్రి బీజేపీకి చెందిన పైడికొండల మాణిక్యాలరావు. తొలగింపును వ్యతిరేకిస్తూ వీధుల్లోకి వచ్చినవారిలో బీజేపీ వాళ్లూ ఉన్నారు. ఆ గుళ్లలో తొమ్మిదింటి పునర్నిర్మాణానికి 2021 జనవరి 8న భూమిపూజ చేసింది క్రైస్తవ కుటుంబానికి చెందిన అప్పటి ముఖ్యమంత్రి జగన్. ఇందులో ఎవరినీ మెచ్చుకోవడానికో తప్పుపట్టడానికో నేను ఇది చెప్పడం లేదు. రోడ్డు వెడల్పు, పుష్కరాల గడువు, ప్రతిపక్షం ఒత్తిడి, రానున్న ఎన్నికలు ఇవన్నీ కలిసి నిర్ణయాన్ని నడిపాయి. మంత్రి నుదుటి బొట్టును చూసి ఏ గుడి నిలుస్తుందో, ఏది పోతుందో ముందుగా చెప్పగలిగినవారు ఎవరూ లేరు.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ వివాదం వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. నెయ్యి కల్తీ ఆరోపణలు వచ్చాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గుంటూరు జిల్లా నంబూరులోని దశావతార వేంకటేశ్వరస్వామి ఆలయంలో ప్రాయశ్చిత్త దీక్ష తీసుకున్నారు, దుర్గమ్మ గుడి మెట్లు కడిగారు. మాజీ ముఖ్యమంత్రి జగన్ తిరుమలకు వస్తే అన్యమతస్థులు ఇచ్చే డిక్లరేషన్ ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద గొడవై, ఆయన పర్యటన రద్దయింది. ఆ కొద్ది రోజులూ ఊరంతా ఎవరికి ఎంత భక్తి ఉందన్న చర్చే. నెయ్యి సరఫరా టెండరు ఎలా ఖరారైంది, ట్యాంకరు కొండ మీదకు వచ్చాక ఏ పరీక్షలు చేస్తారు, ఆ ప్రయోగశాలకు ఏ యంత్రం కొనలేదు అన్న ప్రశ్నలు వెనక్కి పోయాయి. అసలు భక్తుడికి కావలసింది ఆ జవాబులే. ‘నువ్వు నమ్ముతావా’ అని అడిగే హక్కు దేవస్థానానికి ఉంది. దాని ఆచారాలు దానికి ఉంటాయి. ఓటరు అదే ప్రశ్న పట్టుకుని కూర్చుంటే, టెండరు ఫైలు మీద సంతకం పెట్టినవాడు హాయిగా తప్పుకుంటాడు.

సర్టిఫికెట్లో ఒక మతం, ఇంట్లో ఒక మతం

ఇది అన్నింటికన్నా ముళ్లున్న చోటు. తాడికొండ, ప్రత్తిపాడు, వేమూరు, తిరువూరు, నందిగామ, పామర్రు ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలు. బాపట్ల రిజర్వుడు లోక్‌సభ స్థానం. ఇక్కడ పోటీ చేయాలంటే మతం చట్టరీత్యానే లెక్కలోకి వస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డు కులాలవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందకు వస్తారు, వారికి ఒక శాతం రిజర్వేషన్ ఉంది.

గుంటూరు ప్రాంతంలో ఈ గీత జీవితాల మధ్యలోంచి పోతుంది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడి మాల, మాదిగ పల్లెల్లో చర్చి ఉంది, చర్చి పక్కన బడి ఉంది. ఆ బడిలో చదువుకున్న తాతల మనవలు ఆదివారం చర్చికి వెళతారు, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందూ అని రాసిన కుల ధ్రువీకరణ పత్రం తీసుకుంటారు. ఎన్నికలు వచ్చాయంటే ప్రత్యర్థి ఆ సంగతిని తవ్వి తీస్తాడు. పెళ్లి ఫోటోలు, సమాధి మీద సిలువ, ఆదివారం ఆరాధన వీడియో వాట్సాప్‌లో తిరుగుతాయి. ‘దొంగ సర్టిఫికెట్’ అంటారు.

కోర్టుల దాకా వెళ్లిన సంగతులు చూస్తే ఇది ఎంత చిక్కుముడో తెలుస్తుంది. గుంటూరు మెడికల్ కాలేజీ ప్రిన్సిపాల్ కక్షిదారుగా ఉన్న కేసులో 1976లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తల్లిదండ్రులు మాదిగ కులంలోంచి క్రైస్తవంలోకి మారారు. కొడుకు హిందూ మతంలోకి తిరిగి వచ్చి ఎస్సీ సీటు అడిగాడు. ఆ కులంవారు తమవాడిగా ఒప్పుకుంటే మళ్లీ ఆ కులస్థుడు కావచ్చని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కేరళలోని దేవికులం ఎమ్మెల్యే క్రైస్తవుడంటూ 2023లో అక్కడి హైకోర్టు ఎన్నిక రద్దు చేస్తే, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అంతకు కొద్ది రోజుల ముందు, 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని చెప్పింది. 2023 మార్చిలో రాష్ట్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసింది. జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం ఈ విషయం పరిశీలించడానికే 2022లో నియమించింది.

ఓటరు ఏం చేయాలి? సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అన్నది కోర్టు తేల్చే సంగతి. దాన్ని పట్టుకుని మనిషి నిజాయతీ మీద తీర్పు చెప్పడానికి నా మనసు ఒప్పదు. చర్చికి వెళ్లినందుకు పల్లెలో అంటరానితనం పోలేదు. బావి దగ్గర, టీ కొట్టు దగ్గర అతని కులం అతన్ని వదల్లేదు. దేవుణ్ణి మార్చుకుంటే కులం పోతుందని కాగితం మీద రాసుకున్నది ప్రభుత్వం. ఆ కాగితానికీ జీవితానికీ మధ్య ఇరుక్కున్నవాడిని ‘దొంగ’ అనే ముందు, 1950 ఉత్తర్వు మీద నీ అభిప్రాయం ఏమిటని ప్రతి అభ్యర్థినీ అడగాలి. హిందువుగా ఉన్న మాల, మాదిగ అభ్యర్థులకు ఇందులో వేరే భయం ఉంది. వాటా పంచుకోవాల్సి వస్తుందని వారి ఆందోళన. అది అబద్ధపు ఆందోళన కాదు. ఆ సంగతి బహిరంగంగా మాట్లాడుకోవాలి. ఫోటోలు తవ్వడం ఆ చర్చను మింగేస్తుంది.

మనలాంటివాడు ఉండాలన్న కోరిక

గుంటూరు తూర్పు చూడండి. 2009లో కాంగ్రెస్ నుంచి షేక్ మస్తాన్ వలీ, 2014, 2019లలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి మహమ్మద్ ముస్తఫా, 2024లో తెలుగుదేశం నుంచి మహమ్మద్ నసీర్ అహ్మద్. పార్టీలు మారాయి. మతం మారలేదు. చట్టంలో లేని రిజర్వేషన్ అది. తమ సంఖ్య బాగా ఉన్నచోటైనా తమవాడు అసెంబ్లీలో కూర్చోవాలని పాతగుంటూరు ముస్లింలు కోరుకోవడంలో తప్పు లేదు. రాష్ట్రమంతటా చూస్తే ఆ అవకాశాలు బహు తక్కువ. పండుగ సెలవు దగ్గర నుంచి ఖబరస్తాన్ స్థలం దాకా కొన్ని సంగతులు ఆ ఇళ్లలో పుట్టినవాడికి చెప్పకుండానే అర్థమవుతాయి.

అయితే ఈ కారణం ఎంతవరకు మోయగలదు? 2018 మార్చిలో ఆనందపేట, ఆ చుట్టుపక్కల తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. అప్పటికి గుంటూరు కార్పొరేషన్‌కు ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2021 వరకు ఎన్నికలు జరగలేదు. మంచినీటి పైపు మురుగుకాలువలోంచి పోతుంటే దాన్ని మార్చమని అడగడానికి వార్డుకు ఒక కార్పొరేటరైనా లేడు. ‘మనవాడు’ అసెంబ్లీలో ఉన్నాడు, పైపు మాత్రం కార్పొరేషన్ అధికారుల చేతుల్లో ఉంది. ప్రాతినిధ్యం అక్కరలేదని నేను అనను. అది తలుపు దాకా తీసుకెళుతుంది, తలుపు అవతల పని జరిగిందా అని వేరే చూసుకోవాలి. అసలు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ‘మనవాడేనా’ అన్న ప్రశ్న మతం కన్నా కులం గురించే ఎక్కువ వినిపిస్తుంది. ఇక్కడ చెప్పినదంతా దానికీ వర్తిస్తుంది.

ఏ కుర్చీకి ఏ ప్రశ్న

అభ్యర్థులు నామినేషన్ రోజు బి-ఫారం, అంటే పార్టీ టికెట్ ఇచ్చినట్టు తెలిపే పత్రం, అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, దాని మీద కుంకుమ బొట్టుతో బయటకు వస్తారు. మధ్యాహ్నం దర్గాలో చాదర్ కప్పుతారు. సాయంత్రం పాస్టరు తల మీద చెయ్యి వేసి ప్రార్థిస్తుంటే కళ్లు మూసుకుని నిలబడతారు. ఈ మూడు ఫోటోల్లో ఏదీ మనకు పనికొచ్చే సమాచారం ఇవ్వదు. కుర్చీకి ఉన్న అధికారాన్ని బట్టి ప్రశ్న వేస్తే సమాచారం వస్తుంది.

కార్పొరేటరుగా నిలబడిన మనిషిని అడగవలసినవి మాంసం దుకాణాల లైసెన్సులు, ఊరేగింపుల దారులు, శ్మశానాల నిర్వహణ, రోడ్డు విస్తరణలో ప్రార్థనా స్థలం అడ్డొస్తే అన్నింటికీ ఒకే కొలత పాటిస్తాడా అన్నది. ఎమ్మెల్యే అభ్యర్థి విషయంలో దేవాలయ పాలకమండళ్లే అసలు పరీక్ష. 1987 దేవాదాయ చట్టం కింద ట్రస్టు బోర్డులను నియమించేది ప్రభుత్వం, పేర్లు సిఫార్సు చేసేది ఎక్కువగా స్థానిక ఎమ్మెల్యే. గుడి మాన్యం భూమి కౌలు ఎవరికి పోతోంది, వేలం బహిరంగంగా జరుగుతోందా అని అడిగితే భక్తి సంగతి దానంతటదే బయటపడుతుంది. అర్చకులకు ధూపదీప నైవేద్యం, ఇమాములకు, పాస్టర్లకు గౌరవ వేతనం ప్రభుత్వ ఖజానా నుంచి ఇవ్వడం మీద అతని వైఖరి ఏమిటో కూడా తెలుసుకోవాలి. ఒక మతానికి ఇచ్చి ఇంకొకదానికి ఆపమనేవాడు, అందరికీ ఇవ్వాలనేవాడు, ఎవరికీ ఇవ్వొద్దనేవాడు అని మూడు రకాలుంటారు. వీరు ముగ్గురూ ఒకే మతంవాళ్లు కావచ్చు. ఎంపీ దగ్గరకు వస్తే 2025 వక్ఫ్ సవరణ చట్టం, ఉమ్మడి పౌరస్మృతి, ఇంతకుముందు చెప్పిన 1950 ఉత్తర్వు.

ఒక్క సందర్భంలో మాత్రం నమ్మకాన్నే సూటిగా అడగడం న్యాయమని నాకు అనిపిస్తుంది. అభ్యర్థే తన నమ్మకాన్ని పరిపాలన సూత్రంగా ప్రకటించినప్పుడు. ‘మా ధర్మం ప్రకారం ఆడపిల్లల పెళ్లి ఇలా జరగాలి, ఫలానా వాళ్లు ఈ వీధిలో వ్యాపారం చేయకూడదు’ అని వేదిక ఎక్కి చెప్పేవాడు తన విశ్వాసాన్ని తానే పూజగదిలోంచి బజారుకు తెచ్చాడు. అప్పుడది అతని సొంత విషయం కాదు, మేనిఫెస్టో. దాన్ని నిలదీస్తే అతని మతాన్ని అవమానించినట్టు కాదు.

ఇంకో వైపు, ఓటరు విశ్వాసాన్నే ఆయుధంగా వాడేవాళ్లున్నారు. ‘ఫలానా వాడికి వేయకపోతే దేవుడి ఆగ్రహం తప్పదు’ అని గుడిలోనో మసీదులోనో చర్చిలోనో చెప్పించడం ఓటు మీద అనుచిత ప్రభావమని 123వ సెక్షన్ రెండో క్లాజు స్పష్టంగా చెబుతోంది. అయితే అది అభ్యర్థో, అతని ఏజెంటో, లేదా వారి సమ్మతితో మరొకరో చేసినట్టు రుజువు కావాలి. ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలుగా వాడటాన్ని ఎన్నికల ప్రవర్తనా నియమావళి నిషేధిస్తుంది. రాజకీయాలకు మత సంస్థలను వాడకుండా 1988లో వచ్చిన చట్టం కూడా ఉంది. ఎన్నికల సమయంలో అలాంటి సభ కనబడితే ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో అక్కడికక్కడే ఫోటోతోనో వీడియోతోనో ఫిర్యాదు చేయవచ్చు. ఫలితం వచ్చాక అయితే ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. దాన్ని ఓడిన అభ్యర్థే వేయాలన్న నియమం లేదు, ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వేయవచ్చు. గెలిచినట్టు ప్రకటించిన రోజు నుంచి నలభై అయిదు రోజుల లోపు, అమరావతిలో నేలపాడు దగ్గరున్న హైకోర్టులో వేయాలి. గడువు దాటితే తీసుకోరు.